ఇంగ్లీషులో వ్యతిరేక ప్రశ్న అడగడం, దానికి జవాబివ్వడం ఎలా?

వ్యతిరేక ప్రశ్నను, అంటే ‘కాదా?’, ‘లేదా?’ అని అడిగేదాన్ని, కూర్చడం తేలిక. మనవాళ్లు తడబడేది జవాబు దగ్గరే. అందుకే కూర్పు త్వరగా ముగించి, జవాబు దగ్గర ఆగుదాం.

1. ముందు మామూలు వాక్యం అనుకోండి: ‘యు ఆర్ రెడీ’. సహాయక క్రియకు (ఆర్, ఈజ్, క్యాన్, విల్ లాంటిది; ఇక్కడ ‘ఆర్’) ‘నాట్’ పొట్టి రూపాన్ని కలిపి కర్తకు ముందు పెట్టండి: ‘ఆరంట్ యు రెడీ?’ ‘నాట్’ను విడిగా పలికితే మాత్రం అది కర్త తర్వాతే రావాలి: ‘ఆర్ యు నాట్ రెడీ?’ ఇది కాస్త గంభీరంగా వినిపిస్తుంది. ‘ఐ యామ్’ వాక్యం ‘ఆరంట్ ఐ?’ అవుతుంది. వింతగా తోచినా వాడుక అదే.

2. సహాయక క్రియ లేకపోతే డు, డజ్, డిడ్‌లలో తగినదాన్ని తెచ్చుకోండి. ‘షి నోస్ తెలుగు’ అన్నది ‘డజంట్ షి నో తెలుగు?’ అవుతుంది. ‘నోస్’ చివరి ‘ఎస్’ పోయింది చూడండి. అలాగే ‘డిడంట్ హి వెంట్?’ తప్పు, ‘డిడంట్ హి గో?’ ఒప్పు.

3. ‘వై’ ఉన్నా ఈ వరుస మారదు. ‘వై యు డిడంట్ కమ్?’ అని చాలామంది అంటుంటారు. ‘వై డిడంట్ యు కమ్?’ అనాలి.

4. ఆశ్చర్యానికే కాదు, మర్యాదకూ ఈ ప్రశ్నలు పనికొస్తాయి. ‘వోంట్ యు సిట్ డౌన్?’ అంటే కూర్చోమని ఆదరంగా పిలవడం. ‘కాంట్ యు వెయిట్?’ అంటే మాత్రం కసిరినట్టుంటుంది. ‘కుడ్ యు వెయిట్, ప్లీజ్?’ అనండి.

5. ఇక జవాబు. ‘నువ్వు తినలేదా?’ అంటే ‘అవును, ఇంకా తినలేదు’ అనడం మనకు సహజం. మనం ప్రశ్నతో ఏకీభవిస్తాం. ఇంగ్లీషు జవాబు జరిగినదాన్నే చూస్తుంది. ‘డిడంట్ యు ఈట్?’ అన్నా ‘డిడ్ యు ఈట్?’ అన్నా, తింటే ‘యస్, ఐ డిడ్’, తినకపోతే ‘నో, ఐ డిడంట్’. ‘యస్, ఐ డిడంట్’ అనకూడదు.

ఆస్పత్రిలో ‘డోంట్ యు హ్యావ్ ఎనీ అలర్జీస్?’ అని అడిగారనుకోండి. ‘అవును, లేవు’ అనే ఉద్దేశంతో ఒట్టి ‘యస్’ అంటే, ఉన్నాయని రాసుకుంటారు. అందుకే ‘యస్’, ‘నో’లతో ఆగకుండా చిన్న వాక్యం పూర్తిచేయండి: ‘నో, ఐ డోంట్’.

ఇలాగే తికమక పెట్టేది మరొకటి ఉంది. ‘డు యు మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?’ అంటే, కూర్చుంటే మీకు అభ్యంతరమా అని. కూర్చోనివ్వాలనుకుంటే ‘నో, ప్లీజ్ సిట్’ అనాలి.