ఇంట్యూన్‌లో బయటి సాఫ్ట్‌వేర్ వదిలే ముందు

ఇంట్యూన్ అంటే ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ఒకేచోటి నుంచి సాఫ్ట్‌వేర్ పంపే మైక్రోసాఫ్ట్ సర్వీసు. ఇన్‌స్టాలర్‌ని ఆ సాఫ్ట్‌వేర్ తయారు చేసినవాళ్ల సైటు నుంచే దించుకోండి, డిజిటల్ సంతకం చూడండి, లైసెన్సులు ఎన్ని ఉన్నాయో కనుక్కోండి.

మీ అడ్మిన్ లాగిన్‌లో బాగానే ఎక్కిందని ధైర్యపడొద్దు. ఇంట్యూన్ మామూలుగా విండోస్ సొంత సిస్టమ్ ఖాతాతో నడుపుతుంది, అక్కడ ఏదో విండో తెరుచుకుని 'నెక్స్ట్' నొక్కమంటే నొక్కేవాళ్లు ఎవరూ ఉండరు, అది అలాగే వేలాడుతుంది. అందుకే ఏమీ అడక్కుండా ఇన్‌స్టాల్ చేసే సైలెంట్ కమాండ్‌ని సిస్టమ్ ఖాతాలోనే పరీక్షించండి.

సాఫ్ట్‌వేర్ పడిందో లేదో ఇంట్యూన్ చూసుకునే డిటెక్షన్ రూల్ దగ్గర అస్సలు తొందరపడకండి. ఒకసారి నేను ఫైల్ వెర్షన్ తప్పు రాశాను, సాఫ్ట్‌వేర్ పడినా ఇంట్యూన్ పడలేదనుకుని మళ్లీ మళ్లీ ఎక్కించింది, నెలాఖరు లెక్కల్లో ఉన్న అకౌంట్స్ మేడమ్‌గారి ఎక్సెల్ కళ్లముందే మూసుకుపోయింది. ఆవిడ ముఖం ఇంకా గుర్తుంది.

ఇన్‌స్టాలర్ నుంచి 3010 కోడ్ వస్తే ఫెయిల్ అనుకోవద్దు, రీస్టార్ట్ కావాలని అర్థం. ఆ రీస్టార్ట్ పని మధ్యలో పడకుండా సెట్టింగ్ చూసుకోండి.

అందరికీ ఒకేసారి వద్దు. ముందు ఐటీలో ఐదుగురికి, తర్వాత ఒక టీమ్‌కి, అందులో గచ్చిబౌలి ఆఫీసువాళ్లే కాకుండా ఉప్పల్‌లో ఇంటి నెట్ మీద పనిచేసేవాళ్లు కూడా ఉండాలి.

అన్‌ఇన్‌స్టాల్ కమాండ్ కూడా ముందే నడిపి చూడండి. శుక్రవారం సాయంత్రం మాత్రం వదలొద్దు.