గ్వెన్ స్టేసీని చంపింది ఎవరు? కామిక్స్ వాదనలో ఫిజిక్స్ వాడే పద్ధతి

స్పైడర్‌మ్యాన్ ప్రియురాలు గ్వెన్‌ని విలన్ వంతెన మీంచి తోస్తే, హీరో దారంతో పట్టుకున్నా ఆమె చచ్చిపోతుంది. చంపింది ఆ పడిపోవడమా, దారం ఆపిన కుదుపా అన్నదే వాదన. ఇలా సూపర్‌హీరో శక్తుల మీద వాదనకు దిగినప్పుడు ముందు చేయాల్సింది, కథ అడిగిన వరం ఇచ్చేయడం. స్పైడర్‌మ్యాన్‌కి బలం ఉంది, తెగని దారం ఉంది, సరే. ఆ వరం అంటని వాటికి, అంటే పడిపోతున్న మామూలు అమ్మాయికి, గురుత్వాకర్షణకు, గాలికి మాత్రం మన లోకపు సూత్రాలే వర్తిస్తాయి. "మనిషి గోడలు పాకడమే అబద్ధం, ఇంక లెక్కలెందుకు" అనేవాళ్లకు ఇదే జవాబు.

తర్వాత బొమ్మ దగ్గరికి వెళ్లండి, జ్ఞాపకం మీద వాదించొద్దు. 1973 నాటి అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 121వ సంచికే తీసుకుందాం. విలన్ గ్రీన్ గోబ్లిన్ గ్వెన్‌ని వంతెన మీంచి తోసేస్తాడు, స్పైడర్‌మ్యాన్ దారం విసిరి ఆమె కాళ్లు పట్టుకుంటాడు, ఆమె మెడ పక్కన చిన్నగా 'స్నాప్' అని, ఏదో విరిగిన శబ్దం రాసి ఉంటుంది. అంత ఎత్తు నుంచి పడితే నేల తాకేలోపే ఎవరైనా చస్తారని గోబ్లిన్ అంటాడు. అది తప్పు. విమానం నుంచి దూకేవాళ్లు పారాచ్యూట్ తెరిచేలోపు గంటకు దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో పడుతుంటారు, వాళ్లకేం కావడం లేదు. పాత్ర చెప్పిన మాటను సాక్ష్యంగా పట్టుకొస్తే ఇలాగే దెబ్బతింటాం.

ఇప్పుడు లెక్క. ఊహించిన అంకెలేవో ముందే చెప్పేయాలి. కథలో చెప్పిన జార్జ్ వాషింగ్టన్ వంతెన స్తంభం నీటి మీంచి సుమారు 184 మీటర్లు ఉంటుంది, అందులో సగం, 90 మీటర్లు పడ్డాక దారం తగిలిందనుకుందాం. గాలిని వదిలేస్తే వేగం సెకనుకు 42 మీటర్లు. గాలిని కలిపితే 37 దాకా తగ్గుతుంది, ఈ సంగతి అవతలివాడు ఎత్తకముందే మీరే చెప్పండి. ఆ 37ని దారం అర సెకనులో సున్నా చేసిందంటే ఏడున్నర జీలు (ఒక జీ అంటే మన శరీర బరువంత బలం), పైన శరీర బరువు ఇంకో జీ. పదో వంతు సెకనులో ఆపితే దాదాపు 38. అంటే మొత్తం ఆగడానికి పట్టిన సమయం మీదే ఉంది. క్రికెట్‌లో క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగేది ఇందుకే కదా.

ఇక్కడ గట్టి ప్రత్యర్థి అయితే జాన్ స్టాప్ పేరు తీస్తాడు. 1954లో ఈ అమెరికా వైమానిక దళ డాక్టరు రాకెట్ బండి మీద కూర్చుని 46 జీలు తట్టుకుని బతికారు, మరి గ్వెన్ ఎందుకు చచ్చిపోవాలి? మంచి ప్రశ్న, దాటేయొద్దు. స్టాప్‌ని బెల్టులతో సీటుకి బిగించారు, గ్వెన్‌ని పట్టుకుంది కాళ్ల దగ్గర, తల విడిగా వేలాడుతోంది. జీలు ఎన్ని అన్నది సగం కథే, ఆ బలం ఒంట్లో ఎక్కడ పడిందన్నది మిగతా సగం, చాలామంది ఆ రెండో సగం మర్చిపోతారు. తర్వాత 125వ సంచిక ఉత్తరాల పేజీలో ఎడిటర్లు కూడా ఆ కుదుపు వల్లే చనిపోయిందని ఒప్పుకున్నారు.

మీ లెక్క నిజంగా నిలుస్తుందా లేదా చూడాలంటే అంకెలు అటూ ఇటూ మార్చండి. 60 మీటర్లే పడిందనుకోండి, 120 అనుకోండి, జవాబు తిరగబడకపోతే పట్టు దొరికినట్టే. ఒక్క అంకె మార్చగానే హీరో గెలిచి విలన్ ఓడిపోతుంటే ఆ వాదన వదిలేయడమే మేలు.

"మరి ఏం చేసుంటే బతికేది" అని తప్పకుండా అడుగుతారు. మూడు సెకన్లలో మెల్లగా ఆపాలంటే కింద ఇంకో 55 మీటర్లు ఖాళీ కావాలి. 184లో 90 పోగా 94 మిగిలాయి కాబట్టి చోటు సరిపోతుంది. ఇక తేలాల్సింది ఆ దారం అంత దూరం సాగుతుందా లేదా అన్నదే, దానికి పాత సంచికల్లోని బొమ్మలు తెచ్చి చూపించండి.