నేవీ ఎన్‌సీసీలో చేరాలనుకుంటున్నారా? పడవ ఎక్కేదాకా ఏమేం చేయాలో చూడండి

కాలేజీలో ఎన్‌సీసీ నోటీసు పడగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న, "సి సర్టిఫికెట్ వస్తే ఏం లాభం సార్?" తప్పు ప్రశ్నేం కాదు, దాని సంగతి కింద చెప్తాను. కానీ మీ కాలేజీలో ఉన్నది నేవల్ వింగ్ అయితే అంతకంటే ముందు అడగాల్సింది వేరే ఉంది: ఈ యూనిట్‌లో కేడెట్లను నీళ్ల మీదకు తీసుకెళ్తారా, ఏడాదిలో ఎన్నిసార్లు తీసుకెళ్తారు? డ్రిల్లు ఆర్మీ వింగ్‌లోనూ ఉంటుంది, క్యాంపులు ఎయిర్ వింగ్‌లోనూ ఉంటాయి. తెడ్డు పట్టుకుని పడవ నడపడం నేర్పేది మాత్రం ఇక్కడే. మూడేళ్లు తెల్ల యూనిఫాం వేసుకుని ఒక్కసారైనా తెడ్డు ముట్టుకోకుండా బయటికొచ్చేవాళ్లుంటారు, వాళ్లలో ఒకరు కాకండి.

ఎన్‌సీసీ 1948లో చట్టంతో మొదలైంది, నేవల్ వింగ్ 1952లో వచ్చింది. తూర్పు నౌకాదళ కమాండ్ విశాఖలోనే ఉంది కాబట్టి మన పిల్లలకు ఓడలు, నేవీ మనుషులు కళ్లముందే కనిపిస్తారు, ఆ అదృష్టం లోతట్టు రాష్ట్రాల వాళ్లకు లేదు. అయినా సముద్రం లేని ఊళ్లలో కూడా నేవల్ యూనిట్లు ఉన్నాయి, వాళ్లు చెరువులోనో రిజర్వాయర్‌లోనో నేర్చుకుంటారు. 2020 ఆగస్టు 15న ప్రధాని 173 సరిహద్దు, తీర జిల్లాల్లో లక్షమంది కొత్త కేడెట్లను తీసుకుంటామని, వాళ్లలో మూడో వంతు అమ్మాయిలుంటారని ప్రకటించారు. కాబట్టి తీర జిల్లాల్లో ఉన్నవాళ్లు మీ దగ్గర్లో ఏ స్కూలుకు, ఏ కాలేజీకి నేవల్ వింగ్ ఉందో అడ్మిషన్ తీసుకోకముందే కనుక్కోండి. ఇది ముఖ్యం, ఎందుకంటే సాధారణంగా మీరు చదివే చోట ఏ వింగ్ ఉంటే అందులోనే చేరగలరు, చేరాక "నాకు నేవీ కావాలి" అంటే కుదరదు.

స్కూల్లో అయితే ఎనిమిదో తరగతిలో చేరడం మంచిది, జూనియర్ డివిజన్ రెండేళ్లు. కాలేజీలో సీనియర్ డివిజన్ మూడేళ్లు, అందుకే డిగ్రీ, ఇంజినీరింగ్ వాళ్లు మొదటి ఏడాదే చేరాలి. రెండో ఏడాది చూద్దాంలే అనుకుంటే మూడేళ్ల డిగ్రీ వాళ్లకు సి సర్టిఫికెట్ రాసే టైమే మిగలదు. ఎన్‌సీసీ చూసే లెక్చరర్‌ను ఏఎన్‌ఓ అంటారు, నోటీసు కోసం ఎదురుచూడకుండా క్లాసులు మొదలైన వారంలోనే వెళ్లి ఆయన్నో ఆవిడనో కలవండి. సెలక్షన్ రోజు పరుగు, పుషప్స్, ఎత్తు బరువు చూడటం, కాస్త జీకే, "ఎందుకు చేరాలనుకుంటున్నావు" లాంటివే ఉంటాయి. నెల ముందు నుంచి పొద్దున్నే పరిగెత్తితే చాలు, దానికి టెన్షన్ అక్కర్లేదు.

టెన్షన్ పెట్టేవి కాగితాలు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు ముందు, ఇంటిపేరు వెనక ఉంటుంది. ఈ మూడూ కలవక నమోదు దగ్గర ఆగిపోయేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. యూనిఫాం డబ్బులు కేడెట్ సొంత ఖాతాలో పడతాయి, నాన్న ఖాతా ఇస్తే పనికిరాదు. వేసవిలోనే మీ పేరు మీద ఖాతా తెరిచి, మెమోలో ఎలా ఉందో మిగతా చోట్ల కూడా అలాగే సరిచేయించుకోండి. ఇంట్లోవాళ్లకు రెండు మాటలు చెప్పండి: ఒకటి, ఇందులో చేరినంత మాత్రాన సైన్యంలో పనిచేయాలన్న నిబంధన ఏదీ లేదు. రెండు, క్యాంపులో తిండి, బస ప్రభుత్వానివే.

ఇక ఈత. అందరికీ ఇదే చెప్తాను: ఈత రాకపోతే చేరిన మొదటి ఏడాదే నేర్చుకోండి, పరీక్షల తర్వాత అని వాయిదా వేయకండి. గోదావరి కాలువల్లో పెరిగిన పిల్లలు "మాకు వచ్చు" అంటారు, నిజమే, కానీ కాలువలో ఆ గట్టు నుంచి ఈ గట్టుకు ఈదడం వేరు, బట్టలతో నీళ్లలో పడి ఉన్నచోటే పది నిమిషాలు తేలుతూ ఉండగలగడం వేరు. రెండోది సాధన చేయండి. ఎంత ఈతగాడైనా పడవలో లైఫ్ జాకెట్ విప్పకూడదు, ఈ విషయంలో హీరోయిజం చూపించేవాళ్ల పక్కన కూర్చోకండి.

మొదటి కొన్ని నెలలు గ్రౌండ్‌లోనే గడుస్తాయి. డ్రిల్ కమాండ్లు హిందీలో ఉంటాయి, సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, పీఛే ముడ్. పడవ కమాండ్లు ఇంగ్లీషులో. రెండూ వారం రోజుల్లో చెవికి అలవాటవుతాయి. తెల్ల యూనిఫాం మాత్రం ఓపిక పరీక్షిస్తుంది, నీలిమందు మోతాదు ఎక్కువైతే పరేడ్‌లో మీరొక్కరే ఆకాశం రంగులో కనిపిస్తారు.

డ్రిల్లుతో పాటే ఇంటి దగ్గర చేయాల్సింది తాడు పని. చిటికెన వేలంత లావున్న తాడు రెండు మీటర్లు కొనుక్కుని బ్యాగులో పెట్టుకోండి. ముందు రీఫ్ నాట్: కుడి కొస ఎడమ కొస మీదుగా, తర్వాత ఎడమ కొస కుడి కొస మీదుగా. రెండుసార్లూ ఒకే వైపు వేస్తే అది జారిపోయే ముడి అవుతుంది, కొత్తవాళ్లలో సగం మంది చేసేది ఇదే. రీఫ్ నాట్ ఒకే లావు తాళ్లకు, లావు తేడా ఉంటే షీట్ బెండ్ వేయాలి. తాడును గుంజకో కమ్మీకో చుట్టడానికి క్లోవ్ హిచ్, తాడు కొస రంధ్రంలోంచి జారిపోకుండా ఫిగర్ ఆఫ్ ఎయిట్. అన్నిటికంటే ముఖ్యం బోలైన్. తాడులో చిన్న చుట్టు చేసి, కొసను కింద నుంచి ఆ చుట్టులోంచి పైకి తెచ్చి, పొడుగు తాడు వెనక నుంచి తిప్పి, మళ్లీ అదే చుట్టులోకి దింపి లాగాలి. పశువు మెడలో పలుపు ఎంత లాగినా బిగుసుకుపోకూడదు కదా, మనిషి నడుముకు వేసే బోలైన్ కూడా అంతే, పట్టు వదలకూడదు, బిగుసుకోనూ కూడదు. చూస్తూ వేయడం వచ్చాక కళ్లు మూసుకుని వేయండి, తర్వాత తాడు తడిపి వేయండి. పడవలో మీకు దొరికేది తడి తాడే.

సెమఫోర్ అంటే రెండు చేతుల్లో ఎరుపు పసుపు జెండాలతో అక్షరాలు చూపించడం. ఏ నుంచి జి దాకా మొదటి చుట్టు, హెచ్ నుంచి ఎన్ దాకా రెండో చుట్టు, అందులో జె ఉండదు, అది తర్వాతెక్కడో వస్తుంది. ఇరవై ఆరూ ఒకేసారి బట్టీ పట్టకుండా చుట్టు చుట్టుగా నేర్చుకోండి. పంపడం తేలిక, ఎదుటివాళ్లు పంపింది చదవడం కష్టం, ఎందుకంటే వాళ్ల కుడి మీకు ఎడమ వైపు కనిపిస్తుంది. కాబట్టి అద్దం ముందు కాదు, ఫ్రెండ్‌ను ఎదురుగా నిలబెట్టి సాధన చేయండి, జెండాలు లేకపోతే కర్చీఫులు చాలు.

ఇప్పుడు అసలు సంగతి, వేలర్ పడవ. 27 అడుగుల పొడవు, ఐదు తెడ్లు, వెనక చుక్కాని పట్టుకుని కాక్సన్. తెడ్లు లాగే ఐదుగురూ పడవ వెనక వైపుకు తిరిగి కూర్చుంటారు, అంటే వెళ్లే దారి వాళ్లకు కనిపించదు, చూసేది కాక్సన్ ఒక్కడే. కాక్సన్‌కు దగ్గరగా కూర్చున్నవాళ్లను స్ట్రోక్ అంటారు, లయ వాళ్లది, మిగతా నలుగురూ ముందున్న వీపును చూసుకుంటూ ఆ లయలో లాగాలి. కొత్తవాళ్లు చేతులతో లాగుతారు, పావుగంటలో అరచేతులు బొబ్బలెక్కుతాయి. కాళ్లు ఎదురు చెక్కకు తన్ని, నడుముతో వెనక్కి వాలాలి, చేతులు చివర్లో మాత్రమే వంగాలి. తెడ్డును మరీ లోతుగా ముంచితే నీళ్లలో ఇరుక్కుని పిడి వచ్చి పొట్టలో కొడుతుంది, అప్పుడు తెడ్డుతో కుస్తీ పట్టకుండా వెనక్కి వాలి దారివ్వండి.

"గివ్ వే టుగెదర్" అంటే లాగడం మొదలు, "ఓర్స్" అంటే ఆపి తెడ్లు నీటికి పైన అడ్డంగా పట్టుకోవడం, "హోల్డ్ వాటర్" అంటే తెడ్లు నీటిలో నిలిపి బ్రేకు వేయడం. ఎవరైనా ఒక్కసారి కాక్సన్‌గా కూర్చుంటే అర్థమవుతుంది, ఇక్కడ గొంతు పెద్దదైతే సరిపోదు. జెట్టీ ఇంకో నాలుగు పడవల దూరంలో ఉండగానే "ఓర్స్" చెప్పాలి, ఆలస్యమైతే పడవ వెళ్లి గుద్దుకుంటుంది, ముందే చెప్తే నడినీళ్లలో ఆగిపోతుంది. చుక్కాని పిడి ఎడమకు తోస్తే పడవ కుడికి వెళ్తుందన్నది కూడా చేతికి అలవాటు కావాలి. మీ మాట మీద నమ్మకంతో ఐదుగురు వీపు తిప్పి కూర్చున్నారు, అలసిపోయినవాడెవడో, కోపంలో ఉన్నదెవరో మీరే గమనించుకోవాలి. నాయకత్వం మీద సెమినార్ హాల్లో స్లైడ్లు వేసి చెప్పేదంతా ఇక్కడ అరగంటలో వస్తుందని నా అభిప్రాయం. అందుకే యూనిట్‌లో శిక్షణ ఇచ్చే పీఐ స్టాఫ్‌ను సిగ్గుపడకుండా అడగండి, "సార్, ఈసారి నేను కాక్సన్‌గా కూర్చుంటాను" అని. అడిగినవాళ్లకే ఎక్కువగా ఆ సీటు దొరుకుతుంది.

ఎంటర్‌ప్రైజ్ లాంటి ఇద్దరు నడిపే తెరచాప పడవ దొరికితే వదలకండి. గాలికి సూటిగా ఎదురెళ్లలేరు, అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ వెళ్లాలి. పడవ బోల్తా పడితే ఒడ్డు దగ్గరే కదా అని ఈదుకుంటూ పోకండి, పడవను పట్టుకునే ఉండండి. మనిషి తలకంటే తేలే పడవ రెస్క్యూ బోటుకు ముందు కనిపిస్తుంది. బాగా నేర్చుకున్నవాళ్లకు చిలికా సరస్సులో జరిగే ఆలిండియా యాటింగ్ రెగట్టా, అంటే తెరచాప పడవల పోటీ, ఉంది, బోట్ పుల్లింగ్, సెమఫోర్, షిప్ మోడలింగ్, ఫైరింగ్ బాగా వచ్చినవాళ్లకు ఆలిండియా నౌ సైనిక్ క్యాంప్ ఉంది.

సర్టిఫికెట్ల సంగతి: స్కూల్ వాళ్లకు ఎ, కాలేజీలో రెండో ఏడాది బి, మూడో ఏడాది సి. 75 శాతం హాజరు, క్యాంపులు తప్పనిసరి. నేవల్ వింగ్ సి సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు సైనికాధికారుల ఎంపిక పరీక్ష సీడీఎస్ ద్వారా కేరళలోని ఎళిమల నౌకాదళ అకాడమీలో కొన్ని సీట్లు విడిగా ఉంటాయి, కాకపోతే దానికి ఇంజినీరింగ్ డిగ్రీ కావాలి, ఎస్‌ఎస్‌బీ అనే ఇంటర్వ్యూ కూడా దాటాలి. కాబట్టి బీఎస్సీ, బీకాం వాళ్లు ఈ దారిని నమ్ముకునే ముందు నోటిఫికేషన్‌లో అర్హత చదువుకోండి.

క్యాంపు రోజులకు కాలేజీలో హాజరు వేయించుకోవడానికి మీరు క్యాంపుకు వెళ్లకముందే ఉత్తర్వు కాపీ ఆఫీసులో ఇవ్వండి, వచ్చాక తిరిగితే ఎవరూ పట్టించుకోరు. ప్రతి క్యాంపు సర్టిఫికెట్‌ను అక్కడికక్కడే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, మీ ఎన్‌రోల్‌మెంట్ నంబర్ దాని మీద సరిగ్గా పడిందో లేదో క్యాంపు వదలకముందే చూసుకోండి, ఒక్క అంకె తప్పినా సి పరీక్ష ఫారం దగ్గర మళ్లీ యూనిట్ ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.