పాత పోర్షే 911 సొంతంగా చూసుకుందాం – 6వ పాఠం: లోపలికొచ్చే పొగ వాసన, మాడిన ఆయిల్ వాసన

గత పాఠంలో ఆయిల్ మట్టం చూడటం నేర్చుకున్నాం. కారు చదునైన నేల మీద ఉండాలి, ఇంజిన్ బాగా వేడెక్కాలి, ఐడిల్‌లో నడుస్తుండగానే డిప్‌స్టిక్ తీయాలి. ఆ పని పూర్తయ్యాకే ఈ పాఠం మొదలుపెట్టండి. ఆయిల్ ఎక్కువ పోస్తే ఆయిల్ ట్యాంకులో పట్టక బ్రీదర్ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరి పోయే గొట్టం) గుండా గాలి ఫిల్టర్ వైపు పోతుంది. అక్కడి నుంచి ఇంజిన్‌లోకి పోయి కాలి, నీలం పొగగా బయటికొస్తుంది. లీకు ఒక్కటీ లేకపోయినా వాసన వస్తుంది.

ఇక్కడ చెప్పేది 911 ఎస్‌సీ (1978–83), కారెరా 3.2 (1984–89) మోడళ్ల గురించి. వీటికి రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. లోపల కూర్చున్నవాళ్లకు వెచ్చదనం ఎగ్జాస్ట్ గొట్టాల నుంచే వస్తుంది. ఆ గొట్టాల చుట్టూ రేకు తొడుగు ఉంటుంది. పెద్ద ఫ్యాన్ నుంచి వచ్చే గాలి ఆ తొడుగులో తిరిగి వేడెక్కుతుంది. ఇదే హీట్ ఎక్స్‌ఛేంజర్, ఇంజిన్‌కు ఇరువైపులా ఒక్కొక్కటి. అక్కడి నుంచి గాలి ఫ్లాపర్ పెట్టెలకు చేరుతుంది. హీటర్ తెరిస్తే తలుపుల కింది గుమ్మాల గుండా లోపలికి వస్తుంది, మూసేస్తే కారు కిందికి పోతుంది. వాసన ఎటు నుంచి వస్తుందో కనిపెట్టడానికి ఈ దారే మనకు అన్నిటికన్నా పెద్ద ఆధారం. పానా పట్టుకునే ముందు హీటర్ లివర్‌తోనే సగం పని అయిపోతుంది.

ఇరవై నిమిషాలు నడిపి ఇంజిన్‌ను పూర్తిగా వేడెక్కనివ్వండి. అద్దాలు ఎత్తి, హీటర్ మూసి కొంత దూరం పోండి. తర్వాత హీటర్ పూర్తిగా తెరవండి. తెరవగానే వాసన గుప్పున కొడితే తేడా హీట్ ఎక్స్‌ఛేంజర్‌లోనో, దానికి గాలి అందించే దారిలోనో ఉంది. సీట్ల మధ్య రెండు ఎర్ర లివర్లు ఉన్న కార్లలో ఇంకో సదుపాయం ఉంది. ఎడమది ఒక్కటే తెరిచి చూడండి, తర్వాత కుడిది. ఏ పక్కదో అక్కడే తేలిపోతుంది. రెండు పక్కలా ఒకేలా వస్తుంటే ఇంజిన్ పైభాగం చూడాలి. ఫిల్లర్ దగ్గర ఒలికిన ఆయిల్, పగిలిన బ్రీదర్ గొట్టం, చెమ్మగిల్లిన ఆయిల్ ప్రెషర్ స్విచ్ వంటివాటి వాసనను ఫ్యాన్ పీల్చి రెండు వైపులకూ పంచుతుంది. హీటర్‌తో సంబంధం లేకుండా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే వాసన వస్తుంటే, ఇంజిన్ వెనక టైమింగ్ చైన్లను మూసే కవర్ల నుంచి ఆయిల్ కారి సైలెన్సర్ మీద పడుతోందేమో చూడండి. అద్దం దించి వేగంగా పోతున్నప్పుడు మాత్రమే వస్తే, ఇంజిన్ చుట్టూ రేకులకూ బాడీకీ మధ్య ఉండే రబ్బరు సీలు చూడండి. అది ఎండి ఊడిపోతే కింది పొగ పైకి చేరుతుంది.

వాసనల మధ్య తేడా కూడా పట్టుకోవాలి. మాడిన ఇంజిన్ ఆయిల్ వాసన ఖాళీ మూకుట్లో నూనె మాడినట్టు గొంతులో పట్టుకుంటుంది. పెట్రోలు ఎక్కువై సరిగా కాలని పొగకు కళ్లు మండుతాయి. గంధకపు ఘాటు వస్తే అది చాలావరకు గేర్ ఆయిల్, గేర్‌బాక్స్ సీళ్ల వైపు చూడండి.

పొగ వాసన అనుమానం ఉంటే, పైన చెప్పిన పరీక్షకు తప్ప, ఆ తేడా తేలేదాకా హీటర్ తెరవకండి, అద్దాలు దించి నడపండి. పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. వాసన తగ్గిందని ప్రమాదం తగ్గినట్టు కాదు. ఇంట్లో పెట్టే అలారం దీనికి చాలదు. అమెరికా ప్రమాణం ప్రకారం తయారైన అలారం 70 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 70) దగ్గర కూడా మోగడానికి గంట నుంచి నాలుగు గంటలు పట్టవచ్చు. ఒక్కో పీపీఎం అంకెల్లో చూపే మీటరు కొనండి. దానికి పెట్టే డబ్బు దండగ కాదు.

పొగ లీకు వెతకాల్సింది చల్లటి ఇంజిన్ మీదే. వేడెక్కితే లోహం సాగి చిన్న సందులు మూసుకుపోతాయి. ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసిన నిమిషంలో టక్ టక్‌మని ఊదే చప్పుడు వినండి. ఎగ్జాస్ట్ గొట్టం సిలిండర్ హెడ్‌కు కలిసే చోట గ్యాస్కెట్ చుట్టూ నల్లటి మసి చార ఉంటే అక్కడే లీకు. ఏమీ దొరక్కపోతే, ఇంజిన్ ఆపి, వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని ఊదే వైపు తగిలించి సైలెన్సర్ కొసలోకి గాలి పంపండి. ప్రతి అతుకు మీదా సబ్బు నీళ్లు చల్లండి. బుడగలు వచ్చిన చోటు గుర్తుపెట్టుకోండి. హీట్ ఎక్స్‌ఛేంజర్ లోపలి గొట్టం తుప్పు తిని చిల్లుపడితే బుడగ బయట కనబడదు. ఫ్లాపర్ పెట్టె వైపు గొట్టం ఊడదీసి అక్కడ చెయ్యి పెట్టండి. గాలి తగిలితే ఆ ఎక్స్‌ఛేంజర్ పని అయిపోయినట్టే. బయట రేకుకు మాసిక వేస్తే చాలదు, మార్చాల్సిందే.

మార్చేటప్పుడు తొందర పనికిరాదు. ఒక్కో సిలిండర్ ఎగ్జాస్ట్ పోర్టుకు (పొగ బయటికొచ్చే రంధ్రానికి) రెండు చొప్పున మొత్తం 12 స్టడ్లు (నట్టు ఎక్కే మర కడ్డీలు). నలభై ఏళ్లు వేడికి కాగినవి, బలం పెడితే హెడ్‌లోనే విరుగుతాయి. కొన్ని నట్లు తొడుగు రంధ్రాల్లోంచి పొడవాటి 8 మిల్లీమీటర్ల ఆలెన్ కీతోనే అందుతాయి. ముందు రోజు రాత్రే తుప్పు విడిచే నూనె పట్టించండి. కదలకపోతే నట్టును వేడి చేయండి. పైపు పెట్టి లాగకండి.

ఇక ఆయిల్. అడుగంతా జిడ్డుగా ఉంటే ఏది ఎక్కడి నుంచి కారిందో ఎవరికీ తెలియదు. కారును జాకీ మీద కాదు, స్టాండ్ల మీద నిలపండి. డీగ్రీజర్‌తో కడిగి, ఆరాక అనుమానం ఉన్న చోట్ల పాదాలకు వాడే పౌడర్ స్ప్రే తెల్లగా కొట్టండి. పది కిలోమీటర్లు తిప్పి వచ్చి టార్చితో చూడండి. తెలుపు మీద తడిచార పైన ఎక్కడ మొదలైందో అదే లీకు. బొట్టు రాలే చోటు కాదు. ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే.

మొదట చూడాల్సింది కింది ట్యాపెట్ కవర్లు, అంటే వాల్వులను మూసి ఉంచే మూతలు. ఇవి సరిగ్గా హీట్ ఎక్స్‌ఛేంజర్ల మీదే ఉంటాయి. కారిన బొట్టు తొడుగు రంధ్రాల్లోంచి వేడి గొట్టం మీద పడి, ఆ పొగ నేరుగా లోపలికి వస్తుంది. కవరు తీసి గాజు పలక మీద పెట్టండి. ఊగితే వంకర పోయినట్టే, కొత్త గ్యాస్కెట్ వేసినా ఆగదు. పాత గ్యాస్కెట్ ముక్కలు గీకేసి, కొత్త వాషర్లతో, నట్లను ఎదురెదురుగా మార్చి మార్చి 8 న్యూటన్ మీటర్ల వరకే బిగించండి. ఇంకాస్త బిగిస్తే లీకు ఆగుతుందనిపిస్తుంది. కానీ ఆగదు సరికదా, కవరు వంగుతుంది, సన్నటి స్టడ్ అల్యూమినియం మరను లాక్కుని బయటికొస్తుంది.

కవర్లు పొడిగా ఉండి ఇంకా కారుతుంటే ఆయిల్ రిటర్న్ ట్యూబులు చూడండి. పక్కకు రెండు చొప్పున నాలుగు, క్యామ్ హౌసింగ్ (క్యామ్‌షాఫ్ట్ ఉండే భాగం) నుంచి క్రాంక్‌కేస్‌కు (ఇంజిన్ మధ్య పెట్టెకు) ఆయిల్‌ను తిరిగి పంపేవి. వాటి రెండు కొసల్లోని ఓ-రింగులు వేడికి గట్టిపడి పెళుసెక్కుతాయి. అసలు ట్యూబు ఒకే ముక్క కాబట్టి ఇంజిన్ విప్పకుండా చెక్కుచెదరకుండా బయటికి రాదు. దాన్ని నలిపి లాగేసి, ఒకదాంట్లో ఒకటి జరిగే రెండు ముక్కల ట్యూబు వేస్తారు. వైటాన్ (వేడిని తట్టుకునే రబ్బరు) ఓ-రింగులకు కాస్త ఆయిల్ రాసి, మెలితిరగకుండా కూర్చోబెట్టండి. మిగిలింది రాకర్ షాఫ్టుల (వాల్వులను తెరిచే రాకర్లు తిరిగే కడ్డీల) కొసల్లో ఊరే చెమ్మ. దాన్ని 18 న్యూటన్ మీటర్ల బిగింపుతోనో, కొసలకు వేసే అదనపు సీళ్లతోనో ఆపుతారు.

ఉదయం స్టార్ట్ చేయగానే కొన్ని క్షణాలు నీలం పొగ కనిపిస్తే కంగారుపడకండి. సిలిండర్లు పడుకుని ఉండే ఇంజిన్ కాబట్టి రాత్రి కొంత ఆయిల్ లోపలికి ఊరుతుంది. దిగుడులో యాక్సిలరేటర్ వదిలి, మళ్లీ తొక్కగానే నీలం పొగ వస్తే మాత్రం వాల్వ్ గైడ్లు (వాల్వ్ కాడ ఆడే గొట్టాలు) అరిగాయేమో చూడాలి. అందుకు లీక్‌డౌన్ పరీక్ష (సిలిండర్‌లోకి గాలి పంపి ఎంత కారిపోతుందో చూడటం) కావాలి. వచ్చే పాఠం దాని గురించే. ఎయిర్ కంప్రెసర్, రెండు గేజీలుండే లీక్‌డౌన్ టెస్టర్ సిద్ధం చేసుకోండి.