‘ఆకాశనీలం’ అనే మాట పుట్టుక వెతకడం ఎలా?

తిరుపతి గాంధీ రోడ్డులో బట్టల షాపుకెళ్తే "స్కై బ్లూలో చూపించన్నా" అనే మాట వినిపిస్తుంది. పక్కనే ఒక పెద్దావిడ "ఆకాశం రంగుది లేదా నాయనా?" అని అడుగుతుంది. చీర ఒకటే, మాటలే వేరు. ఇలాంటి మాట ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలంటే భాషాశాస్త్రం చదివి ఉండాలేమో అని టెన్షన్ పడక్కర్లేదు. నోటుబుక్కు, మంచి నిఘంటువు, కాస్త ఓపిక ఉంటే చాలు.

మొదట, జనం అనే మాటలన్నీ రాసుకోండి. ఆకాశం రంగు, ఆకాశనీలం, లేత నీలం. ఉర్దూ మాట్లాడేవాళ్లను అడిగితే ‘ఆస్మానీ’ అంటారు. అదీ రాసుకోండి, తర్వాత పనికొస్తుంది.

రెండోది, మాటను విడగొట్టండి. ‘ఆకాశం’లో ఉన్నది వెలుగు అనే అర్థమున్న ‘కాశ్’ ధాతువు. ‘ప్రకాశం’లో ఉన్నదీ అదే. ఇది సంస్కృతం నుంచి వచ్చిన మాట. మన సొంత మాటలు నింగి, మిన్ను.

ఇక ‘నీలం’. ఇక్కడ తొందరపడొద్దు, అసలు సంగతంతా ఇందులోనే ఉంది. 1852లో వచ్చిన బ్రౌన్ నిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరం రెండూ ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అర్థాల్లో మొదటిది చూసి పేజీ మూసేయకుండా అన్నీ చదవండి. నీలం అంటే నల్లనిది, ముదురు రంగుది అనే అర్థం కూడా ఉంది. నీలవేణి అంటే నల్లని జడ గల అమ్మాయి. నీలమేఘం అంటే వాన నింపుకున్న కారుమబ్బు. అంటే ఎండాకాలం మధ్యాహ్నం తిరుపతి మీద కనిపించే ఆ లేత రంగుకు ఒట్టి ‘నీలం’ చాలదు. ముందు ‘ఆకాశం’ చేర్చాకే ఆ ముదురు మాట లేతబడింది. నాకు ఈ మాటలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

ఆ మాట చేసిన ప్రయాణాన్ని కూడా పట్టుకోండి. నీలిమందు ఇచ్చే మొక్క సంస్కృతంలో ‘నీలీ’. శ్రీకాళహస్తి కలంకారీ బట్టల మీద నీలం రంగు సంప్రదాయంగా ఆ మందుతోనే వచ్చేది. సరుకుతో పాటు పేరూ ఓడెక్కింది: పారసీలో నీల్, అరబ్బీలో అన్నీల్, పోర్చుగీసులో అనిల్. రసాయనశాస్త్రంలో చదువుకునే అనిలిన్ పేరు కూడా అక్కడి నుంచి వచ్చిందే.

మూడోది, పొరుగు భాషలను అడగండి. చిత్తూరులో ఇది చాలా సులువు, తమిళం తెలిసినవాళ్లు వీధికి నలుగురుంటారు. తమిళంలో ‘వానం’ అంటే ఆకాశం, మనకు ‘వాన’ అంటే వర్షం. రెండూ ఒకే ద్రావిడ మూలం నుంచి వచ్చాయి. వాళ్లు పైకి చూసి పెట్టిన పేరును మనం కిందపడే నీటికి ఉంచుకున్నాం. వాళ్ల ‘విణ్’, మన ‘మిన్ను’ కూడా చుట్టాలే.

ఇప్పుడు ‘ఆస్మానీ’ దగ్గరికి రండి. ఆస్మాన్ పారసీ మాట. ప్రాచీన ఇరాన్ భాషలో దాని పాతరూపానికి ఆకాశం అనీ, రాయి అనీ రెండర్థాలు. మన నిఘంటువుల్లో రాయికి ఉన్న ‘అశ్మం’ దాని తోబుట్టువు. ఇంగ్లీషు ‘అజూర్’ది కూడా రాతి కథే. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సర్వీసు పేరుగా చాలామందికి తెలిసిన ఆ మాట, అఫ్గానిస్తాన్‌లోని బదఖ్షాన్ గనుల్లో దొరికే నీలిరాయి పారసీ పేరు ‘లాజ్‌వర్ద్’ నుంచి వచ్చింది. మొదటి ‘ల’ అక్షరాన్ని యూరప్‌వాళ్లు తమ భాషలో పేరు ముందు పెట్టుకునే చిన్నమాట అనుకుని వదిలేశారు.

చివరగా, మీరు రాసుకున్న అర్థాన్ని ఊళ్లో వినిపించే మరో మాట మీద పరీక్షించండి. తిరుపతి వాళ్లకైతే కల్యాణకట్ట ఉంది. ‘తలనీలాలు’ అన్నప్పుడు నీలం రంగు జుట్టు అని ఎవరూ అనుకోరు కదా! నల్లనిది అనే పాత అర్థం అక్కడ చక్కగా సరిపోతుంది. అదే సమయంలో స్థలపురాణం ఏం చెబుతుందో కూడా పక్కన రాసుకోండి. స్వామికి మొదట తన కురులు ఇచ్చింది నీలాదేవి అనీ, ఏడుకొండల్లో నీలాద్రికి ఆమె పేరే వచ్చిందనీ భక్తుల నమ్మకం. దూరం నుంచి కొండ నీలంగా కనిపిస్తుంది కాబట్టి నీలాద్రి అయిందని మీ అంతట మీరు రాసేయకండి. నిఘంటువు చెప్పింది ఒక గడిలో, పురాణం చెప్పింది ఇంకో గడిలో ఉంచండి.