దావావో వెళ్లే ముందు బిసాయా ఎక్కడ మొదలుపెట్టాలి?

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి మెడిసిన్ చదవడానికి ఫిలిప్పీన్స్‌లోని దావావో వెళ్లే పిల్లలకు క్లాసులు ఇంగ్లీషులోనే కాబట్టి అక్కడి భాష గురించి ముందుగా ఎవరూ చెప్పరు. తీరా వార్డులోకి వెళ్తే పేషెంటు మాట్లాడేది బిసాయా. అప్పుడు టెన్షన్ పడేకన్నా ఫ్లైట్ ఎక్కేలోపే మొదలుపెట్టండి, అదీ స్పానిష్ నుంచి వచ్చిన మాటలతో. 1565 నుంచి 1898 దాకా అక్కడ స్పెయిన్ పాలన సాగింది కదా, గడియారం, క్యాలెండరు, బేరసారాలు, వంటగది అన్నిట్లోకీ ఆ మాటలు దిగిపోయాయి.

ముందు అంకెలు. వాళ్ల సొంత అంకెలున్నా ధరలు, టైము ఎక్కువగా స్పానిష్ లెక్కే: ఉనో, దోస్, త్రేస్, క్వాత్రో, సింకో, సైస్, సియెతే, ఓత్సో, నువెబే, దియెస్, ఒన్సే, దోసే. టైముకి ముందు 'అలాస్' చేర్చాలి, అలాస్ ఓత్సో అంటే ఎనిమిది గంటలు, ఒంటిగంట మాత్రం 'అలా ఉనా'. తిరుపతి బస్టాండులో ఊరికే కూర్చోకుండా బోర్డు మీది టైములన్నీ ఇలా పైకి చదవండి, తొందరగా పట్టుబడుతుంది. తర్వాత వారాలు: లూనెస్, మార్తెస్, మియెర్కులెస్, హువెబెస్, బియెర్నెస్, సాబాదో, దొమింగో. పేషెంటుకి మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పడానికి రోజూ కావాల్సినవి ఇవే.

పలకడం మనకి కష్టం కాదు. మన ఇళ్లలో కాఫీని కాపీ అన్నట్టే వాళ్లూ ఫియెస్తాని పియెస్తా చేసుకున్నారు, 'వ' అయితే 'బ' అవుతుంది, వెంతానా కాస్తా బింతానా, అంటే కిటికీ.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి. ఫోన్‌లో యాప్ పెట్టుకుని స్పానిష్ నేర్చుకుపోతే పని జరగదు. స్పెయిన్ నుంచి వచ్చిన మతగురువులు జనానికి స్పానిష్ నేర్పడం కన్నా తామే స్థానిక భాషలు నేర్చుకుని ప్రచారం చేశారు, 1593లోనే తగాలోగ్‌లో (మనీలా వైపు భాష) ప్రార్థనల పుస్తకం అచ్చయింది, అందుకే మాటలు వచ్చాయి గానీ వ్యాకరణం రాలేదు. కుప్పంలో మనవాళ్లు తమిళం, కన్నడం మాటలు ఎన్ని కలిపినా వాక్యం తెలుగుదే అయినట్టు అక్కడా అంతే. 'త్రబాహో' అంటే పని, స్పానిష్ మాటే, 'పని చేశాడు' అనాలంటే ముందు 'నగ్' అని బిసాయా ముక్క తగిలిస్తారు. అర్థాలూ మారాయి. స్పానిష్‌లో 'సెగూరో' అంటే ఖాయం, అక్కడ 'సిగూరో' అంటే బహుశా! మందు వేసుకున్నారా అని అడిగితే సిగూరో అన్నారనుకోండి, మళ్లీ అడగాల్సిందే.

హాస్పిటల్లో రెసీతా (మందుల చీటీ), బోతికా (మందుల షాపు), ఒపెరాస్యోన్ స్పానిష్ వైపువి, సులువుగా వచ్చేస్తాయి. ఒంటి భాగాలు, నొప్పి మాత్రం ఎక్కువగా సొంత మాటలే, వాటిని విడిగా కూర్చుని నేర్చుకోవాలి. 'ఆసా అంగ్ సాకిత్?' (నొప్పి ఎక్కడ?) ఒక్కటైనా నోటికి రానిదే బయల్దేరకండి.

పేర్ల దగ్గర కూడా జాగ్రత్త. స్పానిష్ ఇంటిపేరు కనిపిస్తే స్పెయిన్ సంతతి అనుకోవద్దు, 1849లో గవర్నర్ జనరల్ క్లావేరియా ఒక జాబితా పంపించి అందులోంచి చాలామందికి ఇంటిపేర్లు పెట్టించాడు. ఫారాల్లో 'మిడిల్ నేమ్' అంటే వాళ్లకి సాధారణంగా తల్లి పుట్టింటి ఇంటిపేరు. పేషెంటు వివరాలు రాసేటప్పుడు అడిగి రాయండి. మీ సొంత ఫారంలో మాత్రం పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే.