మెషిన్‌కి అనువాదం అప్పజెప్పే ముందు

– పాస్‌వర్డ్‌లు, బ్యాంకు వివరాలు, వేరేవాళ్ల మెడికల్ రిపోర్టులు ఆన్‌లైన్ టూల్‌లో పేస్ట్ చేయకండి.

– పొడుగు వాక్యాల్ని విడగొట్టండి.

– అనువాదం వచ్చాక నేను ముందు చూసేది మర్యాద. ఇంగ్లిష్‌లో ఎవరినైనా ‘యూ’ అంటే సరిపోతుంది, మనకి నువ్వు వేరు, మీరు వేరు. ‘మీరు కూర్చోండి’ అన్న మెషినే మరుసటి వాక్యంలో ‘నీ పేరేంటి’ అంటుంది. పెద్దవాళ్లకి పంపే ఉత్తరమైతే ఇక చెప్పక్కర్లేదు!

– 2016లో గూగుల్ ట్రాన్స్‌లేట్ న్యూరల్ పద్ధతికి (ముక్కముక్కలుగా కాకుండా వాక్యం మొత్తాన్ని చూసి అనువదించే పద్ధతి) మారడం మొదలుపెట్టాక వాక్యాలు నున్నగా వస్తున్నాయి. చిక్కంతా అక్కడే, తప్పు కూడా ఒప్పులాగే చదువుతుంది. అంకెలు, తేదీలు, పేర్లు, ముఖ్యంగా ‘కాదు’, ‘లేదు’ మూలంతో పోల్చండి.

– నోటిమాటల అనువాదమైతే ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి. టూల్ ఏం విన్నదో ముందు స్క్రీన్ మీద చదవండి. వినడమే తప్పైతే అనువాదం గురించి టెన్షన్ పడి లాభం లేదు.

– సబ్‌టైటిల్స్: ఎస్‌ఆర్‌టీ ఫైల్‌కి (సబ్‌టైటిల్ మాటలు, అవి తెర మీద కనబడే టైమ్ ఉండే ఫైల్) కాపీ ఉంచుకోండి. 00:01:15,200 లాంటి టైమ్ లైన్లను టూల్ కెలికిందేమో చూడండి. యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాల్నీ దాచుకోగల ఫార్మాట్) సేవ్ చేయకపోతే తెలుగు అక్షరాల చోట ప్రశ్నార్థకాలు కనబడొచ్చు.

– మందుల డోసు, కోర్టు కాగితాలు రెండు భాషలూ వచ్చిన మనిషి చూడాల్సిందే.